యంత్రం అబద్ధం చెప్పలేదు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగడం అయ్యాక అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు: "సార్, మీ సర్వీసులో మీరు పట్టుకున్న వాటిలో అన్నిటికన్నా గొప్ప సూక్ష్మజీవి ఏది?" ప్లేగునో ఆంత్రాక్సునో పట్టి ఉంటానని వాళ్ల ఆశ. వాళ్లకు నేను చెప్పేది మాత్రం, కళ్లెదుట ఉండీ ఒక పూటంతా నేను పట్టుకోలేకపోయిన దాని సంగతి. అది సూక్ష్మజీవి కాదు. కళ్లజోడు లేకపోయినా కనిపించేది. మీ ఇంటి వంటగదిలో కూడా ఒక డబ్బా ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ల నాటి మాట. పలాసకూ టెక్కలికీ మధ్య హైవే పక్కన, కొందరు జీడిపప్పు వ్యాపారులు కలిసి నడిపే ధర్మాసుపత్రి ఒకటి ఉండేది. అందులో మైక్రోబయాలజీ ల్యాబుకు నేను బాధ్యుణ్ణి. ఇప్పుడా ఆసుపత్రి లేదు. ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టారు. కాబట్టి ఇది రాస్తే ఎవరి పరువూ పోదు, నాది తప్ప.

ల్యాబులో మేం ముగ్గురం. నేను కాక సీనియర్ టెక్నీషియన్ ఒకావిడ. టెక్కలి మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆసుపత్రిలో అందరూ ఆవిడను, మా వైపు అక్కను పిలిచినట్టు, "అప్పా" అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. మైక్రోస్కోపు మీద వంగి వంగి ఆవిడ మెడ కాస్త ముందుకు ఉండిపోయింది. మూడోవాడు అటెండరు. భావనపాడులో పడవలున్న కుటుంబం అతనిది. సముద్రం పడక, వాంతులై, నలభయ్యో ఏట ఒడ్డున ఉద్యోగం వెతుక్కుని మా దగ్గర చేరాడు. చేతిలో పనితనం ఉన్నవాడు. గాజు సామాను కడిగితే మళ్లీ కడగక్కర్లేదు.

అప్పటికి నేను జిల్లాలో పేరున్న వితండవాదిని. వితండవాది అన్నది నన్నెరిగినవాళ్ల మాట, హేతువాది అన్నది నా మాట. ఆదివారం వస్తే భుజానికి సంచీ తగిలించుకుని పక్కనే ఉన్న ఉద్దానం ప్రాంతపు ఊళ్లకు పోయేవాణ్ణి. సంచీలో ఒక పసుపు పొట్లం, ఒక సీసాలో సున్నపు తేట. చేతికి సున్నపు తేట పూసుకుని పసుపు నీళ్లలో ముంచితే చెయ్యి రక్తంలో ముంచినట్టు ఎర్రబడుతుంది. బాబాలు చేసే మహత్యం ఇంతేనని చూపించి, గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ఎవరైనా ఎదురు వాదిస్తే మరో గంట ఇచ్చి, ఆఖరి ఆటోలో ఇంటికి చేరేవాణ్ణి. జనం నా ఉపన్యాసం మరిచిపోయేవాళ్లు. ఎర్రబడ్డ చెయ్యి మాత్రం గుర్తుండేది. కొన్ని ఊళ్లలో నన్నే చిన్నపాటి బాబాగా భావించారని తరవాత తెలిసింది.

ఆ ఆసుపత్రికి ఒక యంత్రం వచ్చింది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రి కొత్తది కొనుక్కుని పాతది వదిలించుకుంటే, ఆ వ్యాపారుల్లో పెద్దయిన మా ప్రెసిడెంటుగారు ప్రయత్నించి తెప్పించారు. అంతవరకూ రక్తంలో సూక్ష్మజీవులున్నాయో లేదో తేల్చడానికి మాకు ఏడు రోజులు పట్టేది. రక్తాన్ని పులుసులాంటి ద్రవంలో పోసి వెచ్చగా ఉంచడం, రోజూ పొద్దున్నే అప్ప ఆ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి గుడ్డు చూసినట్టు చూసి "ఇంకా తేటగానే ఉన్నాది" అనడం, ఏడో రోజుకు రోగి బాగుపడి ఇంటికి పోవడమో మరోచోటికి పోవడమో జరగడం. కొత్త యంత్రం బీరువా అంత ఉంటుంది. లోపల తేనెపట్టులా కన్నాలు. ఒక్కో కన్నంలో ఒక్కో సీసాను అడుగు లోపలికి వెళ్లేట్టు దూర్చాలి. సీసా అడుగున బూడిద రంగు బిళ్ల ఉంటుంది. లోపల సూక్ష్మజీవులు పెరిగి ఊపిరి వదిలితే ఆ గాలికి బిళ్ల పచ్చబడుతుంది. యంత్రం పది నిమిషాలకోసారి అడుగున దీపం వేసి చూసుకుంటుంది. పచ్చదనం కనబడితే ఎర్ర లైటు వెలిగించి కీచుమంటుంది. అంతే. మూడు నెలలపాటు అద్భుతంగా పనిచేసింది. వారం పట్టే ఫలితం ఒకటిన్నర రోజులో వచ్చేది. నేను దానిముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ గుళ్లో కూర్చునే తీరుకూ దానికీ తేడా ఏమిటని అప్పట్లో నన్నెవరూ అడగలేదు.

దసరా వచ్చింది. ఆయుధ పూజకు ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషనుకు బొట్టు, అంబులెన్సుకు గుమ్మడికాయ, ఆపరేషన్ థియేటర్ తలుపుకు తోరణం. మా అటెండరు పళ్లెంలో పసుపు కలుపుకుని ల్యాబులోకి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేచాను. లేచిన తరవాత నలభై నిమిషాలు కూర్చోలేదు. ఆయుధ పూజ చేసుకున్న రాజులు ఎన్ని యుద్ధాలు ఓడిపోయారో చెప్పాను. బొట్టు లేని దేశాల్లో యంత్రాలు ఎలా నడుస్తున్నాయో చెప్పాను. చివరికి వేలు చూపించి, "ఈ ల్యాబులో ఏ వస్తువు మీదా నాకు చుక్క పసుపు కనబడకూడదు" అన్నాను.

అతను పళ్లెం పట్టుకుని ఓపిగ్గా విన్నాడు. "అలగే బాబూ," అన్నాడు.

అప్ప మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా, "పాపం, చెయ్యి నొప్పెట్టి ఉంటాది, ఆ పళ్లెం అక్కడెట్టరా," అంది.

పండగ సెలవులు అయ్యాయి. సెలవులకు ముందే ఇంకో రెండు సంగతులు జరిగాయి. విశాఖపట్నం నుంచి ఇంజనీరు వచ్చి యంత్రం వెనక తలుపు విప్పి, "కొత్త ప్రోగ్రాం ఎక్కించాను సార్, ఇంక స్పీడు చూడండి" అని వెళ్లాడు. సీసాల కొత్త పెట్టె కూడా వచ్చింది, నూరు సీసాలు. సెలవుల తరవాత మొదటి పొద్దున్నే ఆ పెట్టె తెరిచాం.

మొదటి సీసాలో పోసిన రక్తం ఒక జీడి కార్మికురాలిది. ముప్పయ్యైదేళ్లుంటాయి. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. రోజూ ఆటోలో పలాస వచ్చి ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టేది. పిక్క నూనెకు వేళ్ల కొసలు నల్లగా కమిలి ఉన్నాయి. నాలుగు రోజులుగా జ్వరం. దానికి తోడు ఉద్దానంలో చాలామందికున్న కష్టం ఆమెకూ ఉంది. మూత్రపిండాలు సగానికి పైగా పాడైపోయాయి. ఆ ప్రాంతంలో వయసడిగితే తడుముకునేవాళ్లు కూడా కిడ్నీ పరీక్షలో క్రియాటిన్ ఎంతో టక్కున చెబుతారు.

"మూడు దాటిందంట బాబూ," అంది, నేను అడక్కముందే. అప్ప సూది గుచ్చుతుంటే చూస్తూ, "తీసుకోండి. ఫ్యాక్టరీవోలు పిక్కలో నూనె తీత్తారు, మీరు నాలో నెత్తురు తీత్తారు. ఎవులికి కావలసింది ఆలు తీసుకోవడమే," అంది.

సీసాను కన్నంలో పెట్టి నేను కుర్చీలో కూర్చున్నాను. టీ చల్లారకముందే యంత్రం కీచుమంది. ఎర్ర లైటు. సీసా తీసి తిరగేసి చూశాను. అడుగున బిళ్ల పచ్చగా మెరుస్తోంది.

పది నిమిషాలు! బాక్టీరియా ఒకటి రెండు కావడానికే ఇరవై నిమిషాలు కావాలని మొదటి సంవత్సరం పిల్లలకు నేనే పాఠం చెప్పేవాణ్ణి. కానీ ఇంజనీరు "స్పీడు చూడండి" అన్నాడు కదా, చూశాను. అంతే.

వార్డు డాక్టరుకు ఫోన్ చేశాను. కుర్రవాడు, ఆచితూచి మాట్లాడే మనిషి. "సార్, ఇంత తొందరగానా?" అన్నాడు. "ఆమె కిడ్నీల సంగతి మీకు తెలుసు. ఈ స్థితిలో పనిచేసే ఇంజెక్షన్ ఒకటే ఉంది, అది ఆ కిడ్నీలకు పడదు. రక్తంలో సూక్ష్మజీవి ఉంటే ప్రాణం కోసం ఇచ్చి తీరాలి. లేకపోతే మాత్రం ఆమెను డయాలసిస్ మంచం మీదికి మన చేత్తో మనం ఎక్కించినట్టే. ఖాయమేనా సార్?"

"యంత్రం అబద్ధం చెప్పదు డాక్టర్," అన్నాను.

ఆ ఇంజెక్షన్ మా దగ్గర లేదు. శ్రీకాకుళంలో దొరుకుతుంది. ఆమె భర్త చీటీ పట్టుకుని తొమ్మిది గంటల బస్సెక్కాడు. మధ్యాహ్నం రెండింటికల్లా వస్తాడు, రాగానే మొదటి డోసు అని డాక్టరు కేస్ షీటులో రాశాడు.

పదిన్నరకల్లా మరో నాలుగు సీసాలు పెట్టాం. నాలుగూ కీచుమన్నాయి. కాలి మీద సెగ్గడ్డ ఉన్న రైతు పాజిటివ్, దగ్గుతో వచ్చిన బడిపంతులు పాజిటివ్. ఇక ఆగలేక ప్రెసిడెంటుగారికి ఫోన్ చేశాను. ఆయన జీడిపప్పు గ్రేడింగు మధ్యలో వదిలేసి, స్థానిక విలేకరిని కారులో వేసుకుని దిగాడు.

"పది నిమిషాలేటండీ సైంటిస్టు గారూ! మద్రాసులో కూడా ఇంత స్పీడు నేదంట," అని విలేకరి వైపు తిరిగి, "రాసుకోవయ్యా. ఉండు, నా రక్తం పెట్టి సూపిత్తాను. నాకేటీ ఉండదు గదా, దీపం ఎలగదు. ఎలగందీ ఎలిగిందీ రెండూ ఫోటో తీద్దువు గాని," అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

వెలిగింది.

కీచు శబ్దం ఆగలేదు. విలేకరి మెల్లిగా, "అంటే ఏటి సార్, ప్రెసిడెంటు గారి రక్తంలో పురుగులున్నట్టా?" అన్నాడు.

ప్రెసిడెంటుగారు చొక్కా చెయ్యి దించుకున్నాడు. నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అదేటో, కారులోనే కొంచెం చలేసిందండీ," అన్నాడు. పావుగంటలో స్పెషల్ రూములో దుప్పటి కప్పుకుని పడుకుని వణుకుతున్నాడు. విలేకరి కూడా పరీక్ష చేయించుకుని, పాజిటివ్ రాగానే, పక్క మంచం ఎక్కాడు. ఫోటోలు తీసుకునే ఓపిక లేదన్నాడు.

ఇంత జరిగాక ఏ మనిషికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. నాకొక సిద్ధాంతం వచ్చింది. ఆరోగ్యవంతుల రక్తంలో కూడా ఉంటూ, ఎవరి కంటా పడకుండా, మెరుపు వేగంతో పెరిగే కొత్త సూక్ష్మజీవి ఒకటి ఈ నేలలో ఉంది! ఉద్దానం మూత్రపిండాలను తినేస్తున్నది అదే అయి ఉండాలి. నీళ్లన్నారు, మట్టన్నారు, పెద్ద పెద్ద వాళ్లు వచ్చి చూసి వెళ్లారు, ఎవరికీ అంతుచిక్కలేదు. నాకు దొరికింది. లాటిన్ పేరు ఏం పెట్టాలో, అందులో మా ఇంటిపేరు ఎలా ఇరికించాలో కూడా ఆలోచించాను. మా ఇంటిపేరు కాస్త పొడవు. అదొక్కటే చిక్కనిపించింది.

అప్ప మాత్రం నన్నడక్కుండానే పాజిటివ్ వచ్చిన ప్రతి సీసా నుంచీ ఒక చుక్క గాజు పలక మీద వేసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తోంది. ఆ తరవాత వచ్చిన మరో నలుగురివీ కలిపి పదకొండు పలకలు చూసింది.

"బాబూ, ఎర్ర కణాలు తప్ప ఈటి మీద ఏటీ నేదు."

"నీ కళ్లకు వయసైపోయింది అప్పా. కంటికి అందనిది యంత్రానికి అందుతుంది. కొత్త టెక్నాలజీ అంటే అదే."

"నా కళ్లు ముసిలివే, కాదన్నానేటి? మీ పురుగు పుట్టి పది నిమిషాలే గావాల, ఇంకా పసిగుడ్డు. కనబడాలంటే నామకరణం అవ్వాలేమో." లాటిన్ పేరు సంగతి ఆవిడకెలా తెలిసిందా అని ఉలిక్కిపడ్డాను. తెలియలేదు, ఊరికే అంది.

గోడ గడియారం ఒంటిగంటన్నర. ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది. అంత చప్పుడు చేసి లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"మా సెల్లెలి ఊరు వొచ్చి మీరేటి సెప్పినారో గుర్తున్నాదా? అమ్మవారు పూనిందని ఒకావిడ ఊగిపోతంటే, పూననోలిని కూడా పక్కన నిలబెట్టి అదే పరీచ్చ సెయ్యండి, ఇద్దరికీ ఒకలాగే వొస్తే పూనకం ఉత్తిదే అన్నారు. నాను ముందు వరసలోనే కూకున్నాను. సప్పట్లు కూడా కొట్టినాను. మరి ఇక్కడ పూననోడేడి?"

నేను కుర్చీలోంచి లేచాను.

ఆవిడ పెట్టెలోంచి కొత్త సీసా తీసింది. మూత కూడా విప్పలేదు. రక్తం లేదు, సూది గుచ్చలేదు. తిన్నగా కన్నంలో దూర్చింది. ఇద్దరం నిలబడి చూశాం. నా జీవితంలో అంత పొడవైన పది నిమిషాలు మరోటి లేవు.

యంత్రం కీచుమంది.

"సీసాకి జొరమొచ్చినాది," అంది అప్ప. "దీన్ని కూడా స్పెషల్ రూములో పడుకోబెడదామా? మంచాలు ఖాళీ నేవు మరి."

పెట్టె మొత్తం బల్ల మీద బోర్లించాను. మిగిలిన సీసాలన్నీ అడుగులు పైకి పెట్టి నిలబెట్టాను. అన్నీ పచ్చగా ఉన్నాయి, ఒకే పచ్చదనం, అంచులు ఎక్కడా జారకుండా గుండ్రంగా దిద్దినట్టు. అప్ప గోటితో ఒకదాని మీద గీకింది. గోరు పచ్చబడింది. వాసన చూసింది. నా ముక్కు దగ్గర పెట్టింది.

"సందేహమా బాబూ? కూరలోకి ఏసుకునేదే."

సందేహం లేదు. కానీ నేను నేనే కదా, రుజువు కావాలన్నాను. అప్ప బీరువాలోంచి తన కిళ్లీ డబ్బా తీసి, అందులోని సున్నం చిటికెడు గిన్నె నీళ్లలో కలిపి ఇచ్చింది. ఉద్దానంలో ఎన్ని ఊళ్లలో ఎన్నిసార్లు చేశానో ఆ ప్రయోగం! సీసా అడుగును అందులో ముంచి వేళ్లతో రుద్దాను. నీళ్లు ఎర్రగా తిరిగాయి. నా వేళ్లు ఎర్రబడ్డాయి. కడిగిన చోట, కింద అమాయకంగా, బూడిద రంగు బిళ్ల.

సరిగ్గా అప్పుడు అటెండరు టీ ఫ్లాస్కుతో వచ్చాడు. గిన్నెలో ఎర్రనీళ్లు, పక్కన యంత్రం, నా ఎర్రటి చేతులు చూసి ముఖం విప్పారింది.

"మిషన్‌కి దిష్టి తీత్తన్నారా బాబూ! మంచి పని. నాను సెప్పలేకపోయినాను గానీ, పొద్దున్నుంచీ అది అలగ ఏడుత్తంటే నాకూ అలగే అనిపించింది."

"ఇది రాసింది నువ్వేనా?"

"నానే బాబూ. ఆయుధ పూజ రోజున మీరెల్లాక పెట్టె ఇప్పి రాసి, మల్లీ అతికించీసినాను. నూరు సీసాలూ రాసీసినాను, ఒక్కటీ ఒగ్గలేదు." అతని గొంతులో గర్వం ఉంది. ఉండాల్సిందే, పని అంత నీటుగా ఉంది.

"నేను వద్దని చెప్పానా లేదా?"

"కనబడకూడదన్నారు బాబూ. కనబడకుండా రాసినాను." ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, "మీరేటనుకున్నా నాను రాయకండా ఉండలేను. కొత్త మిషను, మొదటి దసరా. రేపు ఎవులికేటైనా నా మీదకే గదా వొచ్చీది," అన్నాడు.

"సరే, రాశావు. పోయి పోయి సీసా అడుగునే ఎందుకు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "మా అయ్య పడవకి అడుగునే రాసీవోడు. నీరు తగిలీది అడుక్కే గదా. పైన ఎంత అలంకారం సేస్తే ఏటి? మీ సీసా కూడా అడుగు ముందెట్టుకునే లోనకి ఎల్తాది. దానికేటైనా అయితే అక్కడే అవ్వాల."

అతని తర్కంలో లోపం నాకు ఇప్పటికీ దొరకలేదు. యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరూ అచ్చం అలాగే ఆలోచించి దీపాన్ని అడుగున పెట్టాడు.

గడియారం చూశాను. రెండు దాటి పది నిమిషాలు.

వార్డు వేరే భవనంలో ఉంది, మధ్యలో ఖాళీ స్థలం. ల్యాబు ఫోను తీయాలన్న ఆలోచన రాలేదు, పరిగెత్తాను. ఒక చెప్పు మెట్ల మీద ఊడిపోయింది. వెనక అటెండరు నా చెప్పు పట్టుకుని, అతని వెనక అప్ప మోకాళ్లు పట్టుకుని. వార్డులో నర్సు ఎర్రటి నా చేతులు చూసి, "అయ్యో, ఎవరికి దెబ్బ తగిలింది?" అని దూది అందుకుంది. మంచం పక్కన ట్రేలో సిరంజి ఉంది. ఖాళీది. భర్త ఇంకా రాలేదు.

నేను మంచం కమ్మి పట్టుకుని రొప్పుతుండగా అతను వచ్చాడు, చేతిలో మందు పొట్లం. కోటబొమ్మాళిలో ఆ రోజు సంత. ఎడ్ల బేరాలు రోడ్డు మీదికి వచ్చి బస్సు కదల్లేదట. పిల్లలూ, దేవుడు బస్సు ఆపాడని ఆ వార్డులో చాలామంది అన్నారు. నేను అనను. ఆపినవి కోటబొమ్మాళి సంతలో ఎడ్లు. వాటికి మాత్రం నేను రుణపడి ఉన్నాను.

నర్సు పొట్లం అందుకోబోయింది. "ఇవ్వొద్దు," అన్నాను.

డాక్టరు వచ్చాడు. "సార్, పాజిటివ్ అని మీరే..."

"తప్పు చెప్పాను."

"అయితే నెగటివా?"

నా ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో, వందల సభల్లో, ఏ వేదిక మీదా ఏ వాదంలోనూ నేను అనని మాట ఒకటుంది. అది ఆ రోజు అన్నాను. "తెలీదు. సీసా అడుగు కడిగి మళ్లీ పెట్టాలి. రేపో ఎల్లుండో చెబుతాను. ఇప్పటికి తెలీదు."

డాక్టరు కేస్ షీటులో తాను రాసిన గీతను కొట్టేశాడు. భర్త పొట్లం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "తెల్దని సెప్పడానికి అంత మిషనెందుకు బాబూ?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని.

మంచం మీది మనిషి ఇదంతా విని, నా చేతుల వైపు చూస్తూ, "పసుపూ సున్నమూ గదా," అంది. "మా ఊరొచ్చి సూపించినారు మీరు. రగతం కాదని సెప్పి." గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం మేం ముగ్గురం కూర్చుని నూరు సీసాలూ స్పిరిట్ దూదితో తుడిచాం. తుడిచి పెట్టిన పదకొండూ గప్‌చుప్. రైతు సీసా ఒకటి మాత్రం మర్నాటి రాత్రికి న్యాయంగా కీచుమంది. అప్ప పలక మీద చూసి, "ఇదిగో, ఇది పురుగు," అంది. జీడి కార్మికురాలి సీసా అయిదు రోజులూ మౌనంగానే ఉంది. జ్వరం మూడో రోజుకే దిగిపోయింది. ఎందుకొచ్చిందో యంత్రానికీ తెలియలేదు, అప్పకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ప్రెసిడెంటుగారిని నమ్మించడమే అన్నిటికన్నా కష్టమైంది. "మీకేమీ లేదు, లేవండి" అంటే దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు. "మరి నాకు చలెందుకేసినాదండీ?" స్పెషల్ రూములో ఏసీ ఉందని, అది పొద్దున్నుంచీ ఆయన నెత్తిమీదే ఊదుతోందని అప్ప చూపించింది. అప్పటికీ రాత్రి భోజనం ముగించే లేచాడు. విలేకరి మర్నాడు వార్త రాశాడు. పూజ మాన్పించినందుకు ఆసుపత్రి యంత్రం ఆగ్రహించి, అందరినీ రోగులని తేల్చిందనీ, దిష్టి తీయగానే శాంతించిందనీ! తీసింది ఒక ప్రముఖ హేతువాది అని కూడా రాశాడు. వారం రోజులు యంత్రం దర్శనానికి జనం వచ్చారు. ఒకాయన టెంకాయ కూడా తెచ్చాడు.

ఖండన రాద్దామని కూర్చున్నాను. నాలుగు పేజీలు రాసి చించేశాను. నిజం రాయాలంటే, పూజ మానడం వల్ల ఇది జరగలేదు, పూజను దొంగచాటుగా చేసుకునే గతి పట్టించడం వల్ల జరిగింది అని రాయాలి. ఆ గతి పట్టించినవాణ్ణి నేను. అతను పళ్లెం తెచ్చిన రోజున సీసా అడుగున దీపం ఎలా పనిచేస్తుందో రెండు నిమిషాలు చెప్పి ఉంటే సరిపోయేది. నేను నలభై నిమిషాలు రాజుల సంగతి చెప్పాను. ఇక యంత్రం మాటంటారా, అది ఆ రోజు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. పచ్చగా ఉందంది, పచ్చగానే ఉంది. రోగం అన్నది నేను.

మరుసటి దసరాకు ముందు రోజు నేనే చాక్‌పీసు తీసుకుని, యంత్రం పక్క రేకు మీద, కన్నాలకు దూరంగా, రూపాయి బిళ్లంత గుండ్రం గీశాను. కింద "బొట్టు ఇక్కడ మాత్రమే" అని రాశాను. అటెండరు చూసి తల ఊపాడు. అప్ప ఏమీ అనలేదు. అనకపోవడం ఆవిడకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

పండగనాడు ఆ జీడి కార్మికురాలు నెలవారీ పరీక్షకు వచ్చింది. వేళ్ల కొసలు అలాగే నల్లగా ఉన్నాయి. అంటే పనికి వెళుతోందన్నమాట. క్రియాటిన్ అడగక ముందే చెప్పింది, పెరగలేదట. కొంగుముడి విప్పి పసుపు పొట్లం తీసింది.

"ఎక్కడ రాయమంటారు బాబూ?"

చూపించాను. ఆమె వంగి, ఆ గుండ్రాన్ని కాసేపు పరీక్షగా చూసింది.

"ఇంతేటి? నా వేలు కూడా పట్టదు. దేవుడి మీద కోపం పాపం మిషను మీద సూపిత్తన్నారా?"

చాక్‌పీసు తీసి గుండ్రాన్ని కొంచెం పెద్దది చేశాను.